దండెం మీద తడిసిన బట్టలు

ప్రశ్న: నా వయసు 39. మాది రాజమండ్రి. పెద్దకోడలిని. కింద వాటాలో మేము, అత్తగారు. పై వాటాలో మరిది కుటుంబం. ఉగాది నుంచి రోజుకొక చిన్న మంచి పని చేయాలని మొదలుపెట్టాను. డాబా మీద పిచ్చుకలకు నీళ్లు, చెత్తబండి అబ్బాయికి మజ్జిగ, కూరలమ్మే ముసలావిడతో బేరం ఆడకపోవడం, ఇలాంటివి. డైరీలో రాసుకుంటున్నాను. 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటవుతుందట. నాకు 12, 13 దగ్గరే తప్పిపోతోంది. మళ్లీ ఒకటి నుంచి లెక్క. మొన్న పొద్దున పిచ్చుకలకు నీళ్లు పెట్టి రాసుకున్నాను. సాయంత్రం వానొస్తే డాబా ఎక్కి నా బట్టలు తీసుకుని, తోడికోడలి చీరలు, వాళ్లబ్బాయి యూనిఫాం వదిలేసి వచ్చాను. అత్తగారు చంద్రహారం ఆమెకే ఇచ్చినప్పటి నుంచి, రెండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆమె మెట్ల మీద ఏదో సణిగింది. రెండు రోజులు మనసు పాడై ఏమీ చేయలేదు. డొక్కా సీతమ్మగారే నాకు ఆదర్శం. అలవాటు నిలబడాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 21 రోజుల లెక్క మర్చిపోండి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట అది. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం అంతకాలం పడుతుందన్నాడు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టేలా ఉందని తేలింది. కొందరికి 18 రోజులైతే, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. కాబట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మీరడిగినదానికి జవాబు ఇంతే.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది దండెం దగ్గర. చినుకులు మొదలయ్యాయి. మీ చేతినిండా మీ ఇంటి బట్టలు. పక్కనే వేలాడుతున్న యూనిఫాం మిమ్మల్ని పెద్దమ్మా అని పిలిచే పిల్లాడిది. మర్నాడు వాడు బడికి వేసుకెళ్లాల్సింది. అది కూడా ఆ నాలుగు క్లిప్పులు తీస్తే చేతిలోకి వచ్చేదే. మీరు చూశారు, వదిలేశారు. నాకు బాధేసింది అమ్మా. మీరు చెడ్డవారని అనడం లేదు. చెత్తబండి అబ్బాయి దాహం కనిపించే మనసు మీది. పై వాటా దగ్గరికి వచ్చేసరికి ఆ మనసుకు తలుపు వేసేస్తున్నారు.

హారం ఎవరిచ్చారు? అత్తగారు. ఆవిడకు రెండు పూటలా వడ్డిస్తూనే ఉన్నారు, మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడను అడగలేని మాట పెట్టుకుని, ఇస్తే తీసుకున్న ఆమె మీద రెండేళ్లుగా కోపం మోస్తున్నారు. అన్యాయం జరిగిందనిపిస్తే అత్తగారి ముందు కూర్చుని, మీవారిని పక్కన పెట్టుకుని, ఒక్కసారి అడగండి. పెద్దకోడలిగా ఆ మాట అడిగే హక్కు మీకుంది. అడిగితే మర్యాద పోదు. మనసులో పెట్టుకుని తిరిగితేనే మనిషి చులకనైపోతుంది.

సీతమ్మగారి పేరెత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ తల్లి లంకల గన్నవరంలో అన్నం పెట్టింది తన ఇంట్లోనే. వేళగాని వేళ వచ్చినవాళ్లకు కూడా లేచి వండి వడ్డించింది. తన గడప తొక్కినవాళ్లలో వీళ్లకు పెట్టాలి, వీళ్లకు వద్దు అని ఎంచలేదు.

నాకూ ఒక తోడికోడలు ఉంది. ఒక పెళ్లిలో బట్టలు పెట్టే దగ్గర తేడా వచ్చి ఆరేళ్లు మాట్లాడుకోలేదు. మా మరిది పోయిన రోజు ఆమె అందరినీ దాటుకుని వచ్చి నా మీద పడి ఏడ్చింది. వీపు నిమురుతుంటే ఎముకలు చేతికి తగిలాయి. మనిషి అంత చిక్కిపోయిందని నాకు తెలియదు. గోడ అవతలే ఉండి కూడా తెలియదు. ఇప్పటికీ ఆ స్పర్శ గుర్తొస్తే నిద్ర పట్టదు.

మీరు వెళ్లి క్షమాపణ అడగమని చెప్పను. ఇప్పుడు అడిగితే ఇద్దరికీ ఇబ్బందే, పాత మాటలన్నీ పైకొస్తాయి. ఈరోజు సాయంత్రం మీ బట్టలు తీసేటప్పుడు ఆమెవీ ఎండి ఉంటే తీయండి. చీరలు నాలుగు మడతలు పెట్టి, యూనిఫాం పైన ఉంచి, పిల్లాడిని పిలిచి ఇచ్చి పంపండి. ఆమె ఏమీ అనకపోవచ్చు, మొదట్లో మూతి ముడవనూవచ్చు. టెన్షన్ పడకండి, మర్నాడూ తీయండి. ఎటూ రోజూ డాబా ఎక్కుతారు కనుక ఇది మర్చిపోయే పని కూడా కాదు. లండన్‌లో వాళ్లూ కొత్త పనిని అలాగే, టిఫిన్ తర్వాతో భోజనం తర్వాతో, రోజూ జరిగేదాని వెనకే పెట్టుకున్నారు. పిచ్చుకలకు నీళ్లు మానకండి. బట్టలు తీసిన సంగతి మాత్రం డైరీలో రాయకండి. మీవారికి కూడా చెప్పకండి. రెండు నెలల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి.