హారంలో 0.0001 కలపకండి, ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

షేర్లు కొని అమ్మే మీ పైథాన్ స్క్రిప్టు, సున్నాతో భాగించబోతే వచ్చే జీరో డివిజన్ ఎర్రర్‌తో ఆగిపోతోందని, హారానికి 0.0001 కలిపాక ఎర్రర్ పోయినా అర్థం లేని ఆర్డర్లు వెళుతున్నాయని రాశారు. ఆ 0.0001ని ముందు తీసేయండి. నేనూ ఇదే పని చేసి గట్టిగా భయపడ్డాను.

ఒక్కో ట్రేడుకు నష్టం 1,000 రూపాయలు దాటకూడదని నా నియమం. ఎన్ని షేర్లు కొనాలో తేల్చడానికి ఆ వెయ్యిని ఎంట్రీ ధరకూ (కొనే ధర) స్టాప్‌లాస్‌కూ (నష్టం పెరగకుండా అమ్మేసే ధర) మధ్య తేడాతో భాగిస్తాను. స్టాప్‌లాస్‌గా నేను క్యాండిల్ కనిష్ఠ ధరను పెట్టుకుంటాను. క్యాండిల్ అంటే కొంత సమయంలోని మొదటి, గరిష్ఠ, కనిష్ఠ, చివరి ధరలు. ఒక రోజు ఒక షేరు అప్పర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ ధర దగ్గర, ఇరుక్కుంది. క్యాండిల్‌లో నాలుగు ధరలూ ఒకటే, తేడా సున్నా. వెయ్యిని 0.0001తో భాగిస్తే కోటి షేర్లు! ఖాతాలో డబ్బు చాలక ఆర్డరు తిరస్కరించారు కాబట్టి బతికిపోయాను. అసలు అమ్మేవాళ్లే లేని షేరును కొనబోవడమే తప్పు. ఆ సున్నా చెబుతున్నది అదే.

మాది భీమవరం దగ్గర పల్లె, నాన్నకు వనామీ రొయ్యల చెరువు ఉంది. కిలో రొయ్య పెరగడానికి ఎంత మేత పట్టిందో చూసే ఎఫ్‌సీఆర్ లెక్క నేనే రాసేవాణ్ని. ఒక వారం వల విసిరి తూచితే బరువు ఏమాత్రం పెరగలేదు. కాలిక్యులేటర్ ఎర్రర్ చూపింది. "ఆ గడిలో గీత పెట్టు, ముందు చెక్ ట్రే చూద్దాం" అన్నారు నాన్న. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం అది. ట్రే పైకి లాగితే మేత సగానికి సగం అలాగే ఉంది. స్క్రిప్టులో కూడా నేనిప్పుడు అలాగే గీత పెడతాను: హారం సున్నా అయితే సిగ్నల్ లేదు, ఆర్డరు లేదు, కారణం లాగ్‌లో పడుతుంది.

అన్ని సున్నాలూ ఒకటి కావు. ధర ఎంత జోరుగా పెరిగిందో, తగ్గిందో 0 నుంచి 100 లోపు చెప్పే ఆర్‌ఎస్‌ఐలో సగటు నష్టం సున్నా అయి, లాభం ఉంటే విలువ 100 అని సూత్రమే చెబుతుంది. వీవాప్‌ను (వాల్యూమ్‌ను, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్యను, బట్టి లెక్కించే సగటు ధర) నిఫ్టీ సూచీ మీద లెక్కిస్తున్నారేమో చూడండి. సూచీని ఎవరూ నేరుగా కొనరు, అమ్మరు కనుక డేటాలో వాల్యూమ్ సున్నాగా రావడం మామూలే. దాని బదులు నిఫ్టీ ఫ్యూచర్స్ (సూచీ మీద నడిచే కాంట్రాక్టులు) డేటా వాడండి. మెటాట్రేడర్ 4లో వాడే ఎంక్యూఎల్‌4 భాషలో అయితే 5/100 అని రాస్తే పూర్ణాంక భాగహారం వల్ల 0 వస్తుంది, అది తర్వాత ఎక్కడో హారంలో చేరుతుంది, 100.0 అని రాయాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పైథాన్‌లో పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీ. సున్నాతో భాగించినా అది ఆగదు, అనంతాన్నో ‘నాన్’నో (NaN, సంఖ్య కానిది) ఇచ్చి ముందుకు సాగిపోతుంది. నాన్‌తో పెద్దదా, చిన్నదా అని ఏది పోల్చినా జవాబు ‘కాదు’ అనే వస్తుంది. స్టాప్‌లాసే నాన్ అయితే, ధర దానికన్నా కిందికి వచ్చిందా అన్న ప్రశ్నకూ అంతే. ధర పడుతూనే ఉంటుంది, స్క్రిప్టు కదలదు. దానికన్నా ఎర్రర్ వచ్చి ఆగిపోవడమే మేలు.

భాగహారం ఉన్న ప్రతి వరుసకు ముందు సమయం, షేరు పేరు, నాలుగు ధరలు, వాల్యూమ్ ప్రింట్ చేయించి ఒక రోజు నడపండి, ఆర్డర్లు ఆపేసి. సున్నా వచ్చిన వరుసలు ఇక్కడ పెడితే నేను చూస్తాను.