ఫోన్ ఉండగా మళ్ళీ కెమెరా కొనడం దండగేనా?

పిల్లల ఫొటోలు, టూర్లు, వాట్సాప్ స్టేటస్‌ల వరకే అయితే దండగే అండి, ఫోన్ చాలు. పగటి వెలుతుర్లో తీసినవి ఫోన్ స్క్రీన్ మీదే చూస్తే ఏది దేంతో తీశారో నేనూ చెప్పలేను.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్ళి చెరువులో చెట్ల మీదున్న గూడబాతుల్ని ఫోన్లో లాగి లాగి జూమ్ చేసి చూడండి, ఈకలన్నీ సున్నం అలికినట్టు వస్తాయి, ఎందుకంటే చాలా ఫోన్లలో 3 రెట్లో 5 రెట్లో దాటాక అది నిజం జూమ్ కాదు, ఉన్న ఫొటోనే కత్తిరించి సాగదీయడం. అదే మిర్రర్‌లెస్‌కి (లెన్స్ మార్చుకోగలిగే ఈకాలం కెమెరా) దూరానివి దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్స్ తగిలిస్తే ఆ పక్షి కన్ను కూడా స్పష్టంగా పడుతుంది.

ఇంకోటి చీకటి. వెలుతుర్ని పట్టే చిప్‌ని సెన్సార్ అంటారు, అది ఎంత పెద్దదైతే చీకట్లో అంత మేలు. చాలా మిర్రర్‌లెస్‌లలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సార్ దాదాపు 23.5 × 15.6 మి.మీ., ఫోన్లలో బాగా పెద్దదనుకునే 1 అంగుళం రకం 13.2 × 8.8 మాత్రమే, అంటే వైశాల్యంలో దాదాపు మూడోవంతు. ఫోన్ రాత్రిపూట వరసగా కొన్ని ఫొటోలు తీసి కలిపి ఒకటి చేస్తుంది, కదలని గోపురానికి ఓకే, స్టేజి మీద కూచిపూడి చేసే అమ్మాయి చేతులు మాత్రం చెరిగిపోతాయి.

కొంటే బాడీ (లెన్స్ లేని కెమెరా) సెకండ్ హ్యాండ్ తీసుకుని డబ్బులు లెన్స్ మీద పెట్టండి. బరువు మోసే ఓపిక లేకపోతే మాత్రం వద్దు, నాది ఆరునెలలు బీరువాలోనే ఉంది 😀