ఫోను నంబరు అడిగే ముందు

చిరంజీవి అమ్మడికి,

కందుకూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం.

మొన్న మీ అమ్మ ఫోను చేసి, నువ్వు కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో కిడ్నీ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టబోతున్నావనీ, ఏం పరిశోధించాలో కూడా ఊరివాళ్లనే అడిగి తెలుసుకుంటావనీ, అందుకోసం వాళ్లందరినీ వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ కలుపుకుంటావనీ చెప్పింది. మా ఇంటి పిల్ల ఆ పల్లెల్లో అడుగు పెడుతోందని ఎంత సంతోషించానో, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనని అంత దిగులు పడ్డాను. 1984లో ఏఎన్ఎం నర్సుగా చేరి 2019లో రిటైరయ్యేదాకా నేను తిరిగింది ఆ దారులే కనుక, నీకు తెలిసినవి కొన్ని, తెలియనివి కొన్ని వ్రాస్తున్నాను. ఓపికగా చదువు.

నువ్వు పంపిన కాగితంలో "సోషల్ మీడియా ద్వారా ఆరు వారాల్లో అయిదు వందల మంది" అని ఉంది. ఈ ఆరు వారాలు నీకెవరిచ్చారమ్మా? మా చిన్నతనంలో దండోరా వేసినవాడు కూడా ప్రతి వీధి మొగలోనూ నిలబడి, ఇంట్లోవాళ్లు బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు చెప్పేవాడు. ఫోనులో మాట క్షణంలో చేరుతుంది కాని, నమ్మకానికి పట్టే కాలం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఆ ఆరు వారాలను కొట్టివేసి, ముందు రెండు నెలలు ఊళ్లలో తిరగడానికే ఉంచుకో.

ఎథిక్స్ కమిటీ అనుమతి, జిల్లా వైద్యాధికారి అనుమతి, పీహెచ్‌సీ డాక్టరుగారితో మాట, సర్పంచికి కబురు, ఇవన్నీ నీకు తెలిసినవే. ఒక్కటి మాత్రం మరిచిపోకు. వాట్సాప్‌లో పెట్టబోయే తెలుగు పోస్టులు, వాయిస్ మెసేజీలు కూడా కమిటీ చూసి ఒప్పుకున్నాకే బయటికి రావాలి. వైద్య పరిశోధనలకు నియమాలు చెప్పే ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఊరితో సంప్రదించమని ఉంది. ఊరు ఒప్పుకున్నంత మాత్రాన మనిషి ఒప్పుకున్నట్లు కాదనీ ఉంది. గ్రూపులో నలభై మంది బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారని నువ్వు దాన్ని సమ్మతిగా వ్రాసుకుంటే, నాకు తెలిసిన రోజున నీతో మాట్లాడను.

ఇక భాగస్వాముల జాబితా. సర్పంచి, తహసీల్దారు, డాక్టరు, హెడ్మాస్టరు, ఆశా, గ్రామ సమాఖ్య లీడరు అని చక్కగా వ్రాశావు. ఊరికి నీళ్లు అమ్మేవాడు అందులో ఏడీ? ఇరవై లీటర్ల క్యాన్లు ఆటోలో వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడికి, ఎవరి ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆశా కంటే ముందే తెలుస్తుంది. ఆర్ఎంపీ డాక్టరు ఏడీ? ఏళ్ల తరబడి మింగే నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయన్నది నిజమే. కాని ఆ మాటను నువ్వు ముందుగా గ్రూపులో పెట్టావంటే, అర్ధరాత్రి జ్వరమొస్తే ఊరంతా తలుపు తట్టే మనిషిని మొదటి రోజే శత్రువును చేసుకున్నట్లు. అతని దగ్గరికి వెళ్లి కూర్చో. ఏ బిళ్లలు ఎక్కువ అడుగుతున్నారో అతణ్ణే అడుగు. పొలం పనికి వంగలేని మనిషికి నొప్పి బిళ్ల ఎందుకు అవసరమవుతోందో అతను చెప్పినట్లు మీ పుస్తకాలు చెప్పవు.

ఆడవాళ్ల మాట కావాలంటే ఫోను మీద ఆధారపడకు. ఆ ఇళ్లలో పెద్ద ఫోను కొడుకు జేబులో ఉంటుంది. కోడలు దాన్ని ముట్టుకునేది అతను నిద్రపోయాకే. సమాఖ్య మీటింగు రోజున వెళ్లి చాప మీద కూర్చుంటే, పొదుపు లెక్కలు అయ్యాక వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు నేను ఆ వైపే పని చేస్తున్నాను. అక్షరాస్యత తరగతుల్లో లాంతరు ముందు కూర్చుని చదువుకున్న ఆడవాళ్లు, తమ ఇంటి బాధను తామే అక్షరాల్లో చదువుకుని లేచారు. మరుసటి ఏడాది అక్టోబరుకు రాష్ట్రమంతా సారా నిలిచిపోయింది. పైనుంచి ఎవరూ వాళ్లకు ఏం అడగాలో చెప్పలేదు. నువ్వు "పరిశోధన ప్రశ్నలు ఊరివాళ్లే చెప్పాలి" అని వ్రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఆ లాంతర్లే గుర్తుకొచ్చాయి. అది నీ కాగితం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం.

ఇప్పుడు నా తప్పు సంగతి చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2018లో మా పరిధిలోని పల్లెల్లో కిడ్నీ జబ్బున్నవాళ్ల కోసం ఒక క్యాంపు పెట్టాము. వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, వయసు, రక్తంలో క్రియాటినిన్ ఎంత (అది పెరిగిన కొద్దీ కిడ్నీలు చెడినట్లు), ఫోను నంబరు, అన్నీ నేనే స్వయంగా గళ్ల రిజిస్టరులో నీలం సిరాతో వ్రాసుకున్నాను. నా చేతికి పెద్ద ఫోను కొత్తగా వచ్చిన రోజులవి. తరువాతి క్యాంపు తేదీ అందరికీ ఒక్కసారే తెలుస్తుందన్న ఆశతో, ఒక రాత్రి భోజనమయ్యాక కూర్చుని, రిజిస్టరులోని నంబర్లన్నీ ఎక్కించి గ్రూపు తయారు చేశాను. దానికి "కిడ్నీ బాధితుల సమాచారం" అని పేరు పెట్టాను. ఎవరెవరు పాత రిపోర్టులు తేవాలో విడివిడిగా టైపు చేసే ఓపిక లేక, రిజిస్టరులో ఆ పేజీనే ఫోటో తీసి పెట్టేశాను. ఆ ఫోటో ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. పేజీ ఎడమ మూల నా బొటనవేలు, పక్కనే గళ్లలో ఇరవై మూడు పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా క్రియాటినిన్. నాలుగో వరుసలో 4.2 అని ఉంది. దాని కింద ఎర్ర పెన్నుతో నేనే గీత కూడా గీశాను.

ఆ నాలుగో వరుస మనిషి పొగాకు రైతు. పొలమూ, ఆకు కాల్చే బ్యారనూ రెండూ కౌలువే. అతనికి స్వంత ఫోను లేదు. ఏ కబురైనా ఎరువుల కొట్టుకు చేస్తే చెబుతారని, ఆ కొట్టు నంబరే క్యాంపులో ఇచ్చాడు. నేను అడగలేదు, "ఇది నీ నంబరేనా?" అని ఒక్క మాట అడగలేదు. అతనికి ఎరువులు అప్పు మీద ఇచ్చేది ఆ కొట్టువాడే. పొగనాట్లు మొదలయ్యే రోజులు. మర్నాడు అతను ఎరువుల బస్తాల కోసం వెళితే, పాత బాకీ తీర్చాకే కొత్తది అన్నాడట కొట్టువాడు. ఎందుకన్నాడో ఆ రైతుకు అక్కడే, పదిమంది ముందే తెలిసింది. తన జబ్బు ఎంత ముదిరిందో ఆ మనిషికి సరిగా తెలియకముందే అతని అప్పులవాడికి తెలిసిపోయింది, నా వల్ల.

నాకు సంగతి తెలిసేటప్పటికి మధ్యాహ్నమైంది. ఫోటో తీసేద్దామంటే, అందరి ఫోనుల్లోనుంచీ తుడిచే గడువు దాటిపోయింది. ఒక్కొక్కరికీ ఫోను చేసి తీసేయమని బతిమాలాను. సరేనన్నారు. కాని అప్పటికే అది ఎక్కడెక్కడికి పోయిందో ఎవరు చెప్పగలరు? సాయంత్రం బస్సెక్కి అతని ఇంటికి వెళ్లాను. వేపచెట్టు కింద మంచం వాల్చి కూర్చోబెట్టారు. అతని భార్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, నా మొహం చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది. ఆయన మాత్రం, "మీరు మంచికే చేశారు నర్సమ్మా, మా ఖర్మ ఇట్లుంది" అన్నాడు. తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆ తరువాత రెండు క్యాంపులకు ఆయన రాలేదు. మరుసటి ఏడాది బయటినుంచి సర్వేకు వచ్చిన పిల్లలకు ఆ వీధిలో ఎవరూ తలుపు తీయలేదు. "రాసుకుపోయి ఫోనులో పెడతారు" అన్నారట. ఆ పిల్లలు తమవల్ల ఏం పొరపాటు జరిగిందో తెలియక, భోజనం కూడా చేయకుండా తిరిగి వెళ్లారని విన్నాను.

అందుకే చెబుతున్నాను. నంబరు వ్రాసుకునేటప్పుడు, ఇది ఎవరి ఫోను, ఎవరెవరు చూస్తారు, ఇందులోకి ఏం పంపవచ్చు అని మూడు మాటలూ అడుగు. పల్లెలో ఫోను ఒక్క మనిషిది కాదు. జబ్బు పేరుతో గ్రూపు పెట్టకు. ఆ గ్రూపులో పేరుండడమే రిపోర్టు చదివి వినిపించినంత పని చేస్తుంది. గ్రూపులో ప్రతివాడి నంబరూ అందరికీ కనిపిస్తుంది కనుక, సమాచారం ఇవ్వడానికి వాట్సాప్ ఛానల్ పెట్టు. అందులో చేరినవాళ్ల నంబర్లు మిగతావాళ్లకు కనిపించవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే ఎవరికి వాళ్లకు విడిగా వెళుతుంది కాని, నీ నంబరు వాళ్లు సేవ్ చేసుకుంటేనే చేరుతుంది. అది నువ్వు ఎదురుగా కూర్చుని చేయించవలసిన పని. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన బడిపిల్లల పళ్ల ఫోటోలు తీస్తానని మీ అమ్మతో అన్నావట, ఆ ఆలోచన మానుకో. ఆడపిల్ల నవ్వు ఫోటో ఒక్కటి బయటికి పోతే, పెళ్లిచూపుల నాటికి అది ఎవరి ఫోనులో తేలుతుందో నీకు తెలియదు. నువ్వు పెట్టే ప్రతి మాటా ఆ ఇంటి వియ్యంకుడూ, ఆ ఇంటికి అప్పిచ్చినవాడూ చదువుతారనుకునే పెట్టు.

మాట విషయంలోనూ జాగ్రత్త. ఆ పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బు కొత్తది కాదు. 1937లోనే, అవి నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, వైద్య పత్రికలో దాని గురించి వ్రాశారు. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చనీ మన ప్రమాణం. పళ్లకు గార, ఎముకలకు బిగుతు ఫ్లోరైడ్ వల్లనే అని ధైర్యంగా చెప్పు. కిడ్నీలు మాత్రం దానివల్లే పోతున్నాయని ఇంకా ఎవరూ తేల్చలేదు. షుగరు, బీపీ, నొప్పి బిళ్లలు, ఎండలో నీళ్లు లేకుండా పని, ఇన్ని ఉన్నాయి. నువ్వు తొందరపడి "నీళ్ల వల్లే" అని ఒక పోస్టు పెడితే, దాన్ని ఒక విలేకరి ఊరి పేరుతో సహా వేస్తే, ఆ ఊరికి పిల్లనిచ్చేవాడు వెనక్కి తగ్గుతాడు, భూమి కొనేవాడు ధర తగ్గిస్తాడు. ఊరివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది, చూడు. దానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్లు. ఊరి పేరు ఎక్కడా వేయబోనని ముందే మాటివ్వు.

నిజంగా నీ ఫోను పనికొచ్చేది వలస వెళ్లినవాళ్ల దగ్గర. హైదరాబాదులో, బెంగళూరులో బేల్దారి పనుల్లో ఉన్నవాళ్లను నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేకపోయాను. ఇంటికి తాళం అని వ్రాసి ముందుకు వెళ్లిపోయేదాన్ని. వాళ్లతో నువ్వు రాత్రి ఎనిమిది తరువాత, పని దిగి వంట చేసుకునే వేళ మాట్లాడగలవు. నా రిజిస్టర్లలో ముప్పై అయిదేళ్ల పాటు తాళాలు పడి ఉన్న ఆ ఇళ్లు నీ పుస్తకంలో తెరుచుకుంటాయన్న ఆలోచనే నాకు ఎంతో గర్వంగా ఉంది, అమ్మడూ.

పరీక్షకు రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ ఫలితం అతని చేతికే, కాగితం మీద, విడమరిచి చెప్పి ఇవ్వు. "మా ఎముకల ఫోటోలు ఎంతమందో తీసుకుపోయారు, ఏం తేలిందో ఎవరూ వచ్చి చెప్పలేదు" అని ఒక ముసలాయన నాతో అన్నమాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. రక్తం తీసి అమ్ముకుంటారన్న పుకారు తప్పకుండా పుడుతుంది. దానికి గ్రూపులో వాదన పెట్టుకోవద్దు. ఆ సాయంత్రమే ఊరికి వెళ్లి, రచ్చబండ దగ్గర అందరూ చూస్తుండగా ఆ సీసాలో ఎంత రక్తం పడుతుందో చూపించు.

టెక్స్టు కంటే వాయిస్ మెసేజీ మేలు. ఒక నిమిషం దాటనీయకు, నీ పేరు, ఎవరి మనవరాలివో ముందు చెప్పు. "మూత్రపిండాలు" అంటే ఆ వైపు ఎవరికీ పట్టదు, కిడ్నీలు అనే చెప్పు. వాళ్లు "క్రియాటిన్" అంటారు, దిద్దకు. ఆదివారం ఇక్కడికి వచ్చేయి. నువ్వు పంపబోయే మొదటి మెసేజీ నాకు వినిపించు. సోమవారం ఉదయం మొదటి బస్సుకు నేనూ నీతో వస్తాను. ఆ రైతు ఇంటికి ముందు వెళదాం. ఆయన ఇప్పుడు లేడు, భార్య ఉంది. నిన్ను ఆవిడకు చూపించి, నువ్వు చేయబోయే పని ఏమిటో నేనే చెప్పాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ