ముందు ఆ కీబోర్డు కిందికి దించు

హనుమకొండ

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

బాబును హైదరాబాదు హాస్టల్ మాన్పించి, కరీంనగర్‌లో ఇంటి దగ్గరి కాలేజీలో చేర్పించి, నీ కళ్ళ ముందే ఇంటర్ చదివించుకోవాలని తీర్మానించావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు తేల్చిన పిల్లవాడిని తెల్లవారి అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టే చోట ఉంచకపోవడం మంచి పని. చుట్టాలు తలా ఒక మాట అంటున్నా నువ్వు వెనక్కి తగ్గలేదని విని గర్వపడ్డాను. కానీ యూనిట్ టెస్టులో మార్కులు వచ్చేదాకా వాడు వాయించుకునే కీబోర్డును మూటగట్టి బీరువా మీద పెట్టావని కూడా అదే ఫోనులో విన్నాను. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. మందు పెంచడం, తగ్గించడం, ఆపడం డాక్టరు పని; పక్కింటివాళ్ళ మాట విని మానెయ్యకు. వాడికి వ్రాసిన మిథైల్‌ఫెనిడేట్ చాలామందికి ఆకలి తగ్గిస్తుంది కనుక పొద్దున మాత్రకు ముందే కడుపునిండా పెట్టు, మధ్యాహ్నం డబ్బా సగం తిరిగి వచ్చినా కోప్పడకుండా సాయంత్రం వేడిగా సర్వపిండి చేసి ఉంచు. బరువు, రక్తపోటు చూపిస్తూ ఉండు. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి ఫోను నీ గదిలో ఉండాలి. ‘చదువుకో’ అని వంటింట్లో నుంచి కేక వెయ్యకు. ‘మూడో లెక్క చెయ్యి’ అని చెప్పి, నీ బియ్యం చాట తెచ్చుకొని పక్కనే కూర్చో. నాలుగు పనులు ఒకేసారి చెబితే మొదటిది చేసేలోపు మిగతావి జారిపోతాయి. ఈ లక్షణం చాలావరకు వంశంలోనే వస్తుందంటారు. వేయిస్తంభాల గుడిలో చెప్పులు మరిచిపోయి వట్టి కాళ్ళతో ఇంటికి వచ్చిన పిల్ల ఎవరో నాకు తెలుసు కనుక వాడిని మరీ తిట్టకు.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి. 1995లో నా కొడుకు, మీ అన్న, పదవ తరగతి, నేను లెక్కలు చెప్పే బడిలోనే. జవాబు నోటితో ముందే చెప్పేవాడు, కాగితం మీద సగంలో వదిలేసేవాడు. ఆ ఏడాది కంపాస్ పెట్టె నాలుగుసార్లు కొన్నాను. అదే పిల్లవాడు చెడిపోయిన రేడియో ముందు సోల్డరింగ్ కడ్డీ పట్టుకొని కూర్చుంటే మూడు గంటలు తల ఎత్తేవాడు కాదు, అన్నానికి పిలిచినా వినపడేది కాదు. ‘రేడియో దగ్గర కుదిరిన నిలకడ పుస్తకం దగ్గర ఎందుకు కుదరదురా, ఇది ఒళ్ళు కొవ్వు కాక మరేమిటి?’ అని క్లాసులో అందరి ముందూ అన్నాను. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు చూసిన రోజు, వాడు ట్యూషనుకు పోయిన వేళ, రేడియోలు, తీగల డబ్బా, కడ్డీ అన్నీ పాత సామాన్ల బండికి వేసి రెండు కిలోల ఉల్లిగడ్డలు తీసుకున్నాను.

సాయంత్రం వచ్చి అలమర దగ్గర నిలబడ్డాడు. రేడియో ఉన్నచోట దుమ్ము లేని నలుచదరం మిగిలి ఉంటే, దాని అంచున వేలితో ఒకసారి గీశాడు. ఏడిస్తే ఏమనాలో, అరిస్తే ఏమనాలో నేను సిద్ధం చేసుకొని ఉన్నాను. వాడు కాళ్ళు కడుక్కొని, ఆ ఉల్లిగడ్డలతోనే పెట్టిన పులుసు తిని, పుస్తకం తెరిచి కూర్చున్నాడు. దారికి వచ్చాడని వారం రోజులు బడిలో చెప్పుకున్నాను. ఆ వారమంతా అదే పేజీ తెరిచి ఉందని ఎనిమిదో రోజున చూశాను. పరీక్ష పాసయ్యాడు, డిగ్రీ కూడా అయింది. ఏదైనా చేతపట్టుకొని ‘అమ్మా, ఇది చూడు’ అంటూ నా దగ్గరికి రావడం మాత్రం ఆ సాయంత్రంతో ఆగిపోయింది.

ముప్పై ఎనిమిదో ఏట వాడికీ ఇదే ఉందని డాక్టరు అనుమానించి, లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలయ్యాయో లేదో తెలియాలంటూ పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నాడు. అయిదు, ఆరు తరగతుల కార్డుల్లో ‘తెలివి ఉంది, శ్రద్ధ లేదు’ అని ఉన్నది నా చేతివ్రాతే. నచ్చిన పనిలో వీళ్ళ మనసు దానంతట అదే అతుక్కుపోతుందని, నచ్చని పనికి దాన్ని మళ్ళించుకోవడమే కష్టమని అప్పుడు తెలుసుకున్నాను. ఇలాంటి పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల దాదాపు మూడేళ్ళు వెనుకబడి ఉంటుందని 2007లో అమెరికా పరిశోధకులు స్కాన్లు తీసి చూపారు. మన వాడికి పదహారు నిండినా కొన్ని పనుల్లో పదమూడేళ్ళవాడికి ఇచ్చినట్టే చెయ్యి అందించమని నేను అనేది అందుకే.

వాడు గిన్నెలు పడేసినా, నీతో గొడవపడినా నేను కంగారు పడను. కీబోర్డు పైకెక్కిన రోజు వాడు ఏమీ అనలేదని మీ అమ్మ మెచ్చుకోలుగా చెప్పింది చూడు, నా గుండె అక్కడే జారింది. ఈ ఉత్తరం మడిచి పెట్టకముందే స్టూలు వేసుకొని దాన్ని దించు. దుమ్ము తుడిచి, ఎప్పటి చోటనే పెట్టి, ప్లగ్గు కూడా నువ్వే పెట్టు. మార్కుల మాట ఎత్తకు. వాడు వాయిస్తే, నీకు తెలిసినా తెలియకపోయినా, కాసేపు కూర్చొని విను.

ఇట్లు,
మీ పెద్దమ్మ