సెకండియర్‌లో జావా రాలేదని 65 వేలు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో సీఎస్‌ఈ సెకండియర్ చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. జావాలో ఇంటర్నల్ మార్కులు బాగా తగ్గాయి. క్లాసు, ఆబ్జెక్టు అంటే ఏమీ అర్థం కావట్లేదని ఏడుస్తోంది. మా తమ్ముడి కొడుకు అమీర్‌పేటలో పైథాన్, ఏఐ కోర్సులో చేరాడు. మూడు నెలలు, 65 వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. సెలవుల్లో మా అమ్మాయిని కూడా అందులో చేర్పిద్దామనుకుంటున్నాను, లేకపోతే వెనకబడిపోతుందేమోనని భయంగా ఉంది. జావా, పైథాన్ పోల్చి ఏది మంచిదో చెప్పండి. కొత్త ల్యాప్‌టాప్ కూడా కొనాలా?

జవాబు: ఫీజు ఇంకా కట్టలేదు కదండీ? కట్టకండి. సీటు ఆపడానికి కొంత అడ్వాన్స్ వేయమని ఫోన్లు చేస్తుంటారు, అదీ వేయకండి.

ఇంటర్నల్స్ మార్కులు రాగానే ఇలాంటి ఉత్తరాలు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తుంటాయి. ఊళ్లు మారతాయి, బాబాయి కొడుకో పక్కింటి అమ్మాయో మాత్రం తప్పకుండా ఉంటారు. పైకి అడిగేది జావానా పైథానా అని, లోపల ఉండేది 'తెలుగు మీడియంలో చదివిన పిల్లను తీసుకెళ్లి సీఎస్‌ఈలో వేశాం, ఈ చదువు అసలు దానికి వస్తుందా' అన్న బెంగ. ముందు దానికే జవాబు చెప్తాను. వస్తుంది. సెకండియర్‌లో క్లాసు, ఆబ్జెక్టు దగ్గర ఆగిపోవడం చాలా మామూలు విషయం. క్లాసు అంటే అచ్చు లాంటి నమూనా, ఆబ్జెక్టు అంటే ఆ అచ్చులోంచి తయారైన వస్తువు. ఫస్టియర్‌లో సీ అనే ప్రోగ్రామింగ్ భాష చదివినంత కాలం ప్రోగ్రామ్ అంటే పైనుంచి కిందికి వరసగా జరిగే పని. జావాలో మొదటి రోజే పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అని రాయమంటారు, పబ్లిక్ ఏమిటో స్టాటిక్ ఏమిటో అప్పటికి చెప్పే వీలుండదు, 'ఇప్పటికి అలా రాసేయండి' అంటారు. అర్థమైతే తప్ప ముందుకు కదలని పిల్లలకు అక్కడే చిక్కు. జావాను తయారుచేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో చిన్న ప్రోగ్రాములకు ఆ తంతంతా లేకుండా ఉత్త వాయిడ్ మెయిన్‌తో మొదలుపెట్టే వీలు పెట్టారు. 1995లో వచ్చిన భాషను ముప్పై ఏళ్ల తర్వాత కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం మార్చారంటే, అక్కడ తడబడుతున్నది మీ అమ్మాయి ఒక్కతే కాదని మీకు అర్థమవ్వాలి.

ఇక ఆ ఏఐ కోర్సు. ఈ పేరుతో బోర్డు పెట్టిన మూడు నెలల కోర్సులంటే నాకు గట్టి అనుమానాలున్నాయి. మొదటిది, సెకండియర్ పిల్లకు ఉద్యోగం గ్యారంటీ ఏమిటండీ? డిగ్రీ చేతికి రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ గ్యారంటీ కాగితం మీద ఉంటే అడిగి తీసుకుని చదవండి, చాలాచోట్ల 'ఇంటర్వ్యూలకు పంపిస్తాం' అన్న మాట తప్ప ఇంకేమీ ఉండదు. మరీ దారి తప్పినచోట్ల లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి ఉద్యోగంలో పెడతామంటారు. కంపెనీవాళ్లు వెరిఫికేషన్ చేయించిన రోజు పోయేది కోర్సు అమ్మినవాళ్ల పేరు కాదు, మీ పిల్ల పేరు.

రెండోది ఇంకా ముఖ్యం. జావాలో ఆబ్జెక్టులు అర్థం కావట్లేదని మీరు పైథాన్ ఏఐ వైపు పంపుదామంటున్నారు. అక్కడ ఏముంటుందో తెలుసా? ఏఐ పనుల కోసం పైథాన్‌లో ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలుంటాయి, సైకిట్ లెర్న్, పైటార్చ్ అలాంటివే. సైకిట్ లెర్న్‌లో మొట్టమొదటి ప్రోగ్రామ్‌లోనే మోడల్ అని ఒక ఆబ్జెక్టును తయారుచేసి, దాని మీద ఫిట్ అనే మెథడ్‌ను, అంటే ఆ ఆబ్జెక్టు చేయగల ఒక పనిని, పిలుస్తారు. పైటార్చ్‌లో న్యూరల్ నెట్‌వర్క్ కావాలంటే మామూలుగా సొంతంగా ఒక క్లాసు రాసి, ఎన్ఎన్ డాట్ మాడ్యూల్ అనే క్లాసు నుంచి దాన్ని ఇన్‌హెరిట్ చేయాలి, అంటే ఆ క్లాసులో ఉన్నవన్నీ వారసత్వంగా దీనికి వచ్చేలా రాయాలి. అంటే ఇక్కడ దేనికి భయపడి పారిపోతోందో అదే అక్కడ వాకిట్లో నిలబడి ఉంటుంది. కాకపోతే అక్కడ దాన్ని విడమర్చి చెప్పే తీరిక ఉండదు, ముందే రాసిచ్చిన నోట్‌బుక్ అనే కోడ్ ఫైలు తెరిచి ఒక్కో గడినీ రన్ చేయించుకుంటూ పోతారు, గ్రాఫ్ వస్తుంది, పిల్లకు వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఇంటికొచ్చి ఖాళీ ఫైలు తెరిస్తే ఒక్క లైను కదలదు.

మీ తమ్ముడి కొడుకు కోర్సులో చేరాడని రాశారు, ఉద్యోగంలో చేరాడని రాయలేదు. అతను బాగుపడాలనే నేనూ కోరుకుంటాను, కానీ ఇంకా ఏ ఫలితమూ రాని దాన్ని చూపించి అమ్మాయిని పోల్చడం అన్యాయం. కొంచెం గట్టిగానే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి: ఏడుస్తోందని రాశారు, ఏ ప్రోగ్రామ్ దగ్గర ఏడుస్తోందో అడిగారా? మీకు జావా తెలియక్కర్లేదు. 'నువ్వు రాసిందేదో చదివి నాకు చెప్పమ్మా' అని పక్కన కూర్చుంటే చాలు, నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి తంటాలు పడుతూనే సగం నేర్చేసుకుంటుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ప్యాకేజీల మాట ఎత్తడం మాత్రం ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఆపేయండి.

ఇక్కడి నుంచి అమ్మాయికి చదివి వినిపించండి.

అమ్మా, ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అని నాలుగు నిర్వచనాలు బట్టీ పట్టే ఉంటావు. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు. ఆబ్జెక్టులనే ఆలోచన 1960ల్లో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిములా భాష తయారుచేస్తున్నప్పుడు రూపుకట్టింది, బయట ప్రపంచంలో జరిగే పనులను కంప్యూటర్‌లో నడిపి చూడాలన్నది వాళ్ల అవసరం. నువ్వూ అలాగే మొదలుపెట్టు, మీ అమ్మ వేసే చీటీతో.

లక్ష రూపాయల చీటీ, 20 మంది సభ్యులు, నెలకు 5,000. సభ్యుడు అని ఒక క్లాసు, చీటీ అని ఒక క్లాసు రాయి. సభ్యుల క్లాసు ఒకటే, దాన్నుంచి తయారయ్యే ఆబ్జెక్టులు 20. ఒకసారి పాడుకున్నవాళ్లు మళ్లీ పాడకూడదు కదా, ఆ రూలు ఎక్కడ రాయాలి? మెయిన్‌లో రాస్తే రేపు ఇంకోచోట మర్చిపోతావు. చీటీ క్లాసులో పాట అనే మెథడ్ లోపలే రాసి, ఎవరు పాడుకున్నారన్న వివరాన్ని ప్రైవేట్ చేస్తే, బయటి నుంచి ఎవరూ ఆ రూలు దాటలేరు. ఎన్‌క్యాప్సులేషన్ ఎందుకో అప్పుడు నీకే తెలుస్తుంది.

ఇక్కడ దాదాపు అందరూ ఒక పని చేస్తారు. 'పాడుకున్న సభ్యుడు' అని ఇంకో క్లాసు పెట్టి, దాన్ని సభ్యుడు నుంచి ఇన్‌హెరిట్ చేస్తారు. చేసి చూడు. ఈ నెల పాడని లక్ష్మిగారు వచ్చే నెల పాడుకుంటారు, మనిషి ఆవిడే. జావాలో ఒకసారి తయారైన ఆబ్జెక్టు తన క్లాసు మార్చుకోలేదు. కాబట్టి అది ఇంకో క్లాసు కాదు, ఆవిడ ఆబ్జెక్టులో 'పాడుకున్నారా' అని అవును, కాదు ఉంచే ఒక బూలియన్ మాత్రమే. ఇన్‌హెరిటెన్స్ ఎప్పుడు వాడాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ఎప్పుడు వాడకూడదో ఇలా చేతులు కాల్చుకుంటేనే తెలుస్తుంది.

తర్వాత, కీబోర్డు నుంచి పేరు తీసుకుని సభ్యుల జాబితాలో వెతికించు. రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి పోల్చావనుకో, పేరు జాబితాలో కళ్లముందే ఉన్నా దొరకలేదంటుంది. ఆ గుర్తులు స్ట్రింగుల విషయంలో అడిగేది ఇవి రెండూ ఒకే ఆబ్జెక్టా అని. అక్షరాలు ఒకటేనా అని అడగాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలి. ఈ తేడా తెలిసిన రోజు ఆబ్జెక్టు అంటే ఏమిటో నీకు సగం పైగా తెలిసినట్టే. చీటీ పని ఏఐతో రాయించుకోకు, నువ్వు రాశాక అది ఎలా రాసిందో అడిగి పక్కపక్కన పెట్టి చూసుకో.

పాఠాలకు డబ్బు పెట్టక్కర్లేదు. ఐఐటీలవాళ్లు ఆన్‌లైన్‌లో పాఠాలు పెట్టే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల జావా కోర్సు ఉచితంగా చూడొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఇంగ్లిష్ కష్టమైతే వీడియో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూడు, అందులో నామోషీ ఏమీ లేదు.

మళ్లీ మీకండీ. పోలిక అడిగారు, క్లుప్తంగా చెప్తాను. పైథాన్ మొదలుపెట్టడం తేలిక, రాసేది తక్కువ, డేటా, ఏఐ పనులకు అదే వాడతారు. జావా రాయడానికి పొడుగు, కానీ అంకె ఉండాల్సినచోట పేరు ఇచ్చినట్టు తప్పు రకం డేటా ఇస్తే రన్ చేయకముందే పట్టుకుంటుంది. ప్రైవేట్ అంటే నిజంగా ప్రైవేటే, పైథాన్‌లో అది చాలావరకు మర్యాద మీద నడుస్తుంది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లోనూ పెద్ద సర్వీస్ కంపెనీల ప్రాజెక్టుల్లోనూ జావా విస్తారంగా ఉంది. మీ అమ్మాయికి ఈ ఏడాది సిలబస్‌లో ఎలాగూ జావాయే ఉంది కాబట్టి ఇప్పుడు దాన్నే పట్టుకోనివ్వండి. ఆబ్జెక్టులు ఒంటబట్టాక పైథాన్ మూలాలు కొన్ని వారాల్లో వస్తాయి, అప్పుడు చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పైథాన్ కోర్సు ఎన్‌పీటెల్‌లోనే ఉంది. ఏఐ మీద ఇష్టముంటే థర్డియర్‌లో వెళ్లొచ్చు, దానికి లెక్కల్లో ప్రాబబిలిటీ, మ్యాట్రిసెస్ గట్టిగా ఉండాలి. అవి కాలేజీలోనే చెప్తున్నారు, వాటిని వదిలేయొద్దని చెప్పండి.

ల్యాప్‌టాప్ విషయం. ఇంట్లో ఉన్నది 8 జీబీ ర్యామ్‌ది అయితే జావా నేర్చుకోవడానికి బాగానే సరిపోతుంది, 4 జీబీ ఉంటే ర్యామ్ పెంచే వీలుందేమో రిపేరు షాపులో అడగండి. అసలు లేకపోతే మాత్రం కొనండి, సెకండ్ హ్యాండ్‌ది అయినా ఫర్వాలేదు, ఆ 65 వేలలో సగం కూడా అవ్వదు.