అమెరికా తన తొలి అప్పును ఎలా తీర్చింది?

స్వాతంత్ర్య యుద్ధం నాటి నుంచి పేరుకున్న అప్పును అమెరికా ముఖ్యంగా దిగుమతి సుంకాలతోనూ, పడమటి భూముల అమ్మకాలతోనూ తీర్చుకుంటూ వచ్చి, 1835 జనవరిలో పూర్తిగా బయటపడింది.

1790లో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ రాష్ట్రాల యుద్ధ అప్పులను కూడా కేంద్రమే నెత్తినేసుకునేలా చేశారు. మొత్తం సుమారు 7.5 కోట్ల డాలర్లు. పాత పత్రాలకు బదులు కొత్త బాండ్లు ఇచ్చి, వడ్డీకి సుంకాల ఆదాయాన్ని కేటాయించారు. అసలు కీలకం ఇక్కడే ఉంది: వడ్డీ వేళకు అందుతుంటే అప్పిచ్చినవాళ్లకు అసలు గురించి టెన్షన్ ఉండదు. 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా అనే విశాల భూభాగాన్ని కొన్నప్పుడు, 1.5 కోట్ల డాలర్లలో 1.125 కోట్లకు బాండ్లే ఇవ్వగలిగారంటే ఆ పరపతి వల్లే.

హామిల్టనే అప్పంతా తీర్చేశారని చాలామంది అనుకుంటారు. ఆయన దాన్ని తీర్చగలిగే అప్పుగా మార్చారు, అంతే. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధంతో అది 12 కోట్లు దాటింది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ హయాంలో సున్నాకు చేరింది. అమ్మిన ఆ పడమటి భూములు ఆదివాసుల నుంచి తీసుకున్నవన్నది మరవకూడదు. 1837 ఆర్థిక సంక్షోభంతో ప్రభుత్వం మళ్లీ అప్పు చేసింది.