కిస్తీ కట్టగలిగినంత మాత్రాన అప్పు చేసి విహారయాత్రకు వెళ్లవచ్చా?

ప్రశ్న: బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. నాకు నెలకు 1,20,000 రూపాయలు చేతికి వస్తాయి, ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. అద్దె, పాప ఫీజు, కారు కిస్తీతో కలిపి ఖర్చు 75,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 15,000. పొదుపు ఖాతాలో 60,000 ఉన్నాయి. ఆగస్టులో శ్రీలంక వెళ్లి కితుల్గలలో రాఫ్టింగ్, అరుగం బేలో సర్ఫింగ్ చేయాలనుకుంటున్నాము. బ్యాంకు 14 శాతం వడ్డీకి, రెండేళ్ల గడువుతో 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

సమాధానం: తీసుకోవద్దు. నెలకు 30,000 మిగులుతున్నప్పుడు సుమారు 14,400 కిస్తీ భారం కాదని మీరు అనుకుంటున్నారు. ఆర్థిక సలహా కోసం నా దగ్గరకు వచ్చే యువ దంపతులలో చాలామంది ఈ లెక్కతోనే అప్పులోకి దిగుతున్నారు. జీతం రాని నెలలో ఆ కిస్తీ ఎక్కడి నుంచి కడతారో మాత్రం ఆలోచించడం లేదు. మీ దగ్గరున్న 60,000 ఒక్క నెల ఖర్చుకైనా చాలదు. పైగా మీరు వెళ్తున్నది ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూడటానికి కాదు. కితుల్గలలో రాఫ్టింగ్ జరిగే కెళని నది రాళ్ల మధ్య పడవ తిరగబడి మోకాలు దెబ్బతింటే, అక్కడి ఆసుపత్రి ఖర్చుతో పాటు, ఇక్కడ సెలవులు అయిపోయాక కోతపడే జీతాన్ని కూడా తట్టుకోవాలి. అప్పటికి కిస్తీ మొదలై ఉంటుంది, వడ్డీ రూపంలోనే మొత్తం 45,000కు పైగా పోతుంది.

ఒక్కరి సంపాదనపై నడిచే ఇంట్లో ఆరు నెలల ఖర్చు, అంటే మీ విషయంలో 4,50,000, అత్యవసర నిధిగా ఉండి తీరాలి. సిప్ ఆపనవసరం లేదు. జూలై నుంచి మిగులును అలాగే దాస్తే తక్కువైన 3,90,000 పదమూడు నెలల్లో సమకూరుతుంది, బోనస్ వస్తే ఇంకా ముందే. దానిని త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఉంచి, ప్రయాణం కోసం తాకకండి. తరువాతి ఐదు నెలల్లో చేరే 1,50,000తో, జనవరిలో, కొన్ని రోజులు తగ్గించుకుని వెళ్లండి. అరుగం బేకు అది అనువైన కాలం కాదు కానీ, దక్షిణాన వెలిగామలో సర్ఫింగ్ నేర్చుకోవడానికి, 2,243 మీటర్ల శ్రీపాద శిఖరం ఎక్కడానికి మంచి కాలమే.

బంగారం కుదువపెట్టడం, క్రెడిట్ కార్డుపై వాయిదాలు పెట్టుకోవడం కూడా అప్పులే కనుక వాటి జోలికీ వెళ్లకండి. కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా విదేశీ చికిత్సకు వర్తించదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రాఫ్టింగ్, సర్ఫింగ్ పేర్లు పాలసీలో ఉన్నాయో లేదో చదివిన తరువాతే టికెట్లు కొనండి.